గురువుకు దక్కిన పద్యం

తెలుగు కావ్యాలకు అవతారిక అలంకారం. అందులో కవి ఇష్టదేవతను ప్రార్థిస్తాడు, పూర్వకవులను స్మరిస్తాడు, తన వంశాన్ని చెప్పుకొంటాడు, తనకు విద్య నేర్పిన గురువుకు నమస్కరిస్తాడు. వెయ్యేండ్ల తెలుగు సాహిత్యంలో గురువును స్తుతించిన పద్యాలకు కొదవ లేదు. అయినా వాటిలో ఒక పద్యం ప్రత్యేకంగా నిలిచిపోయింది. అది విశ్వనాథ సత్యనారాయణ తన శ్రీమద్రామాయణ కల్పవృక్షం అవతారికలో గురువును గూర్చి చెప్పిన పద్యం. తనవంటివాడు శిష్యుడైనాడనే భాగ్యం నన్నయకు లేదు, తిక్కనకూ లేదు, ఆ భాగ్యం చెళ్లపిళ్లవారి వంశస్వామికి మాత్రమే దక్కిందని దాని భావం. మొదటిసారి విన్నవారికి ఇది ఆత్మస్తుతిగా తోస్తుంది. నిదానించి చదివినవారికి గుండె కదులుతుంది. ఇంతటి మాటను ఒక శిష్యుని చేత అనిపించుకొన్న ఆ గురువు ఎవరు? ఆయన జీవితం ఎట్టిది? అది తెలిసినప్పుడే ఆ పద్యం మనకు పూర్తిగా బోధపడుతుంది.

ఆ గురువు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధి చెందిన జంటలో ఒకరు. ఆయన 1870 ఆగస్టు 8వ తేదీన గోదావరి మండలంలోని కడియంలో జన్మించారు. తల్లి చంద్రమ్మ, తండ్రి కామయ్య. బాల్యంలోనే వారి కుటుంబం యానానికి తరలిపోయింది. యానాం ఆనాడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. అక్కడే ఆయన చదువు సాగింది. చిన్నతనం నుండే పద్యం ఆయన నాలుకపై ఆడేది. పద్దెనిమిదేండ్ల ప్రాయంలో యానాంలోని వేంకటేశ్వరస్వామిపై ఒక శతకం చెప్పారు. అయితే అందులోని కొన్ని ప్రయోగాలు వ్యాకరణానికి విరుద్ధమని స్థానిక పండితులు తప్పుపట్టారు.

ఆ వయస్సులో అటువంటి విమర్శ వచ్చినప్పుడు ఎవరైనా రెండే పనులు చేస్తారు. పండితులపై కోపగించి కూర్చుంటారు, లేదా కవిత్వానికి స్వస్తి చెబుతారు. వేంకటశాస్త్రి ఆ రెండూ చేయలేదు. తనకు వ్యాకరణం రాదన్న నిజాన్ని ఒప్పుకొన్నారు. వ్యాకరణం నేర్పగల గురువును వెదకుకొన్నారు. ఆయన జీవితంలో ఇదే మొదటి మలుపు. మంచి శిష్యుడైనవాడే మంచి గురువు కాగలడన్న సత్యం ఇక్కడి నుండే మొదలవుతుంది.

ఆ కాలంలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గోదావరి మండలంలో గొప్ప వైయాకరణులు. వేంకటశాస్త్రి ఆయన శిష్యులైనారు. ఆ గురుకులంలోనే ఆయనకు మరొక విద్యార్థి తారసపడ్డారు. ఆయనే దివాకర్ల తిరుపతిశాస్త్రి. తిరుపతిశాస్త్రి 1872లో భీమవరం సమీపంలోని యండగండిలో జన్మించారు. ఇద్దరివీ భిన్నమైన స్వభావాలు. వేంకటశాస్త్రికి లోకజ్ఞత, మాటకారితనం, సభను తన వైపు తిప్పుకొనే నేర్పు ఎక్కువ. తిరుపతిశాస్త్రికి శాస్త్ర పాండిత్యం, అసాధారణమైన ధారణ, మితభాషిత్వం ఎక్కువ. ఒకరికి లోపించినది మరొకరిలో ఉండటం వలన ఆ చెలిమి దృఢపడింది. ఈ నడుమ వేంకటశాస్త్రికి కాశీకి వెళ్లి చదవాలనే కోరిక బలపడింది. దారి ఖర్చులకు చేతిలో ధనం లేదు. ఊరూరా తిరిగి, అవధానాలు చేసి, పురాణం చెప్పి, కావలసిన పైకం సమకూర్చుకొని ఆయన కాశీ చేరారు. విద్యకోసం విద్యనే పెట్టుబడిగా పెట్టిన యాత్ర అది.

కాశీ నుండి తిరిగి వచ్చిన తరువాత ఇద్దరు మిత్రులూ జంటగా అవధానాలు ఆరంభించారు. అవధానమంటే కేవలం పద్యాలల్లటం కాదు, మనస్సును చెదరనీయక నిలిపే విద్య. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడి నిషేధం విధిస్తారు. ఒకరు వర్ణన కోరుతారు. మరొకరు అప్రస్తుత ప్రసంగంతో అవధాని ఏకాగ్రతను భంగపరచ చూస్తారు. ఇంకొకరు గంట కొడుతుంటే వాటిని లెక్కపెట్టాలి. శతావధానంలో పృచ్ఛకులు నూరుమంది. అందరికీ మొదట ఒక్కొక్క పాదమే చెప్పాలి. మలి ఆవృత్తిలో రెండవ పాదం, ఆ తరువాత మూడవది, నాలుగవది. అన్నీ పూర్తయిన పిమ్మట నూరు పద్యాలనూ కాగితం చూడకుండా వరుసగా అప్పగించాలి. దానినే ధారణ అంటారు.

ఇట్టి విద్యను ఈ జంట రాజాస్థానాల నుండి జనం మధ్యకు తీసుకొనివచ్చింది. కాకినాడలోనూ, మద్రాసులోనూ, వేంకటగిరి, గద్వాల, ఆత్మకూరు సంస్థానాలలోనూ వారి ప్రతిభకు పట్టాభిషేకం జరిగింది. పండితులు మీసాలు పెంచటం ఆచారం కాని ఆ రోజుల్లో వారిద్దరూ మీసాలు పెంచారు. సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ కవీంద్రులమని చాటటానికే వాటిని పెంచామనీ, తమను గెలిచిన కవి ఎదురైతే వాటిని తీసి మొక్కుతామనీ పద్యంలోనే సవాలు విసిరారు. వారికి ప్రతికక్షులూ ఏర్పడ్డారు. కొప్పరపు సోదర కవులతో, వేంకట రామకృష్ణ కవులతో వారికి సాగిన వాదాలు ఆనాటి పత్రికల్లో, సభల్లో పెద్ద సంచలనం కలిగించాయి. ఆ వాదాలలో వారు వ్రాసిన పద్యాలు గీరతమనే గ్రంథంగా వెలువడ్డాయి.

గెలుపు, కీర్తి, వాదం, ప్రతివాదం వీటి మధ్య సాగిన ఆ జీవితంలోనే బందరు ఘట్టం వచ్చింది. బందరుగా పిలిచే మచిలీపట్నం కృష్ణా మండలానికి విద్యాకేంద్రం. నోబుల్ కళాశాల అక్కడ ఉండేది. కృష్ణాపత్రిక 1902లో అక్కడే పుట్టింది. జాతీయోద్యమ స్ఫూర్తితో ఆంధ్ర జాతీయ కళాశాల 1910లో అక్కడే వెలిసింది. ఆ పట్టణంలోని హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తెలుగు పండితులుగా చేరారు.

ఆనాటి పాఠశాలల్లో తెలుగు పండితుని స్థానం ఏమిటో మనం ఊహించుకోవాలి. ఉద్యోగాలకు దారి ఇంగ్లీషు చదువు. పాఠశాలలో గౌరవం ఇంగ్లీషు, గణితం బోధించే వారిది. తెలుగు గంట విద్యార్థులకు విశ్రాంతి గంట. జీతంలోనూ, హోదాలోనూ తెలుగు పండితుడు చివరి వరుసవాడు. ఆ చివరి వరుసలోకి రాజాస్థానాలలో సన్మానాలందిన శతావధాని వచ్చి కూర్చున్నారు. నిన్న సభలో నూరుమందికి పద్యాలు చెప్పిన మనిషి నేడు తమ ఎదుట నిలిచి ఛందస్సు చెబుతుంటే ఆ పిల్లలకు పద్యం పరీక్ష కోసం బట్టీపట్టే పాఠంగా మిగలలేదు. అది కళ్లముందు సజీవంగా పుట్టే వస్తువైంది. తెలుగులో పద్యం చెప్పటం తలవంపు కాదు, తల ఎత్తుకొనే పని అని వారికి తెలిసింది. గురువు బోధించిన మొదటి పాఠం ఇదే. ఇది ఏ వాచకంలోనూ లేని పాఠం.

ఆ కృష్ణా తీరంలో ఆయన శిష్యులుగా పేరొందిన వారిని తలచుకొంటే ఒక సాహిత్య చరిత్ర కళ్లముందు నిలుస్తుంది. పెదకళ్లేపల్లిలో 1888లో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి ప్రాచీన తాళపత్రాలను వెదకి, చాటుపద్యాలను సేకరించి, తిరుపతిలో అన్నమాచార్య కీర్తనల పరిష్కరణకు కృషి చేశారు. చిరివాడకు చెందిన వేలూరి శివరామశాస్త్రి శతావధానిగా, కథకులుగా పేరు పొందారు. 1894లో జన్మించిన పింగళి లక్ష్మీకాంతం విశ్వవిద్యాలయ ఆచార్యులై తెలుగు సాహిత్య విమర్శకు బాటలు వేశారు. 1895లో జన్మించిన కాటూరి వేంకటేశ్వరరావు స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని, తరువాతి కాలంలో కృష్ణాపత్రికకు సంపాదకులైనారు. పింగళి, కాటూరి ఇద్దరూ గురువుల అడుగుజాడల్లోనే జంటకవులైనారు. అశ్వఘోషుని ఇతివృత్తాన్ని గ్రహించి సౌందరనందమనే కావ్యం రచించి, దానిని తమ గురువు వేంకటశాస్త్రికి అంకితమిచ్చారు. భోగలాలసుడైన నందుని బుద్ధుడు తన బోధతో జ్ఞానమార్గానికి మరలించిన కథ అది. గురువు శిష్యుని మార్చిన కథను శిష్యులు గురువుకు సమర్పించటంలోని ఔచిత్యం గమనించదగినది. పైగా ఆ గురువు తన మిత్రునితో కలసి బుద్ధచరిత్రను తెనిగించినవారు.

వీరందరి నడుమ కూర్చున్న మరొక విద్యార్థి విశ్వనాథ సత్యనారాయణ. ఆయన 1895 సెప్టెంబరు 10న కృష్ణా మండలంలోని నందమూరులో జన్మించారు. తండ్రి శోభనాద్రి, తల్లి పార్వతమ్మ. శోభనాద్రి గొప్ప దాత. దానధర్మాలతో ఆస్తి కరిగిపోయింది. కలిగిన ఇంట పుట్టి లేమిని చూసిన ఆ బాలుడు పల్లెబడులలో చదివి బందరు చేరాడు. అక్కడ చెళ్లపిళ్లవారి శిష్యరికం లభించింది. కలిమి పోయిన ఇంటి పిల్లవానికి ఆ తరగతి గదిలో పోనికలిమి ఒకటి చేతికి వచ్చింది.

వేంకటశాస్త్రి బోధనలోని గొప్పతనం ఆయన శిష్యుల రచనలను పక్కపక్కన ఉంచి చూసినప్పుడు తెలుస్తుంది. ఏ ఇద్దరి రచనా ఒక్కతీరుగా ఉండదు. అంతకంటె విశేషం, ఏ ఒక్కరి రచనా గురువు రచనకు నకలు కాదు. వేంకటశాస్త్రి కవిత్వం సులభమైనది. మాటలాడినంత తేలికగా పద్యం నడుస్తుంది. వినగానే అర్థమై, మరునాటికి నోటికి వస్తుంది. విశ్వనాథ కవిత్వం అట్టిది కాదు. అది కొండరాయివలె గట్టిది. పగులగొట్టిన కొద్దీ రసం దొరుకుతుంది. గురువు సుగమమైన బాట పట్టగా శిష్యుడు ఘాట్ మార్గం పట్టాడు. తనవలె వ్రాయలేదని శిష్యుని తోసిపుచ్చే గురువులు లోకంలో ఉంటారు. తన నీడలో పెంచి, నీడ నుండి బయటకు పంపగల గురువులు అరుదు. వేంకటశాస్త్రి ఆ రెండవ కోవకు చెందినవారు.

1920లో వేంకటశాస్త్రి జీవితంలో తీరని విషాదం సంభవించింది. తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. గురుకులంలో మొదలై మూడు దశాబ్దాలు సాగిన జంట విడిపోయింది. శ్రవణానందం, పాణిగృహీత, దేవీభాగవతం, బుద్ధచరిత్ర, పాండవ నాటకాలు, ఇవన్నీ ఇద్దరి పేరా వెలువడినవే. ఏ పద్యం ఎవరిదో చెప్పవలసిన అగత్యం వారికి ఎన్నడూ కలుగలేదు. మిత్రుడు పోయిన తరువాత వేంకటశాస్త్రి మరి ముప్పై సంవత్సరాలు జీవించారు. ఆ కాలంలో ఒంటరిగా రచించిన కృతులను కూడా తిరుపతి వేంకటీయాలుగానే ప్రకటించారు. తన కలం నుండి వచ్చిన ప్రతి అక్షరంలోనూ మిత్రునికి సగభాగం ఇచ్చారు. సవాళ్లు విసిరిన కవిగా, వాదాలలో తలపడిన కవిగా ఆయనను ఎరిగిన లోకం ఈ వినయాన్ని కూడా ఎరగాలి. తనకు విద్య చెప్పినవారి పట్ల, తనతో చదివినవారి పట్ల ఆయనకు గల కృతజ్ఞత ఇటువంటిది. శిష్యులు గురువు నుండి గ్రహించింది ఛందస్సు మాత్రమే కాదు, ఈ కృతజ్ఞత కూడా.

ఆ జంట రచించిన పాండవోద్యోగ విజయాలు తెలుగు రంగస్థలాన్ని ఏలాయి. కృష్ణా, గోదావరి డెల్టాల పల్లెల్లో కోతలు ముగిసి పందిళ్లు వెలిస్తే కృష్ణరాయబారం పద్యాలు తెల్లవార్లూ మారుమోగేవి. అక్షరం రాని రైతు కూడా ఆ పద్యాలను రాగయుక్తంగా అందుకొనేవాడు. చదువుకొన్నవారికి బడిలోనూ, చదువుకోనివారికి నాటకశాలలోనూ వేంకటశాస్త్రి పద్యం నేర్పారు. ఈ అర్థంలో ఆయన శిష్యులు లక్షలాది మంది. వార్ధక్యంలో ఆయన తన అనుభవాలను కథలు గాథలు అనే పేరుతో వ్యాసాలుగా వ్రాశారు. ఆనాటి పండితులు, సంస్థానాలు, గురుకులాలు, అవధాన సభలు ఆ వ్యాసాలలో ముచ్చటలాడినట్లు కనిపిస్తాయి.

ఇక శిష్యుడు విశ్వనాథ. ఆయన కూడా ఉపాధ్యాయ వృత్తినే చేపట్టారు. బందరులోనూ, గుంటూరులోనూ పనిచేసి, 1938 నుండి 1959 వరకు విజయవాడలోని ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో తెలుగు ఉపన్యాసకులుగా ఉన్నారు. వేయిపడగలు, ఏకవీర వంటి నవలలు, కిన్నెరసాని పాటలు, నాటకాలు, విమర్శలు రచించారు. తండ్రి ప్రేరణతో శ్రీమద్రామాయణ కల్పవృక్షాన్ని చేపట్టి, సుదీర్ఘ కాలం ఒక తపస్సుగా దానిని పూర్తిచేశారు. ఆ మహాకావ్యపు ముంగిట గురువును నిలిపి చెప్పినదే మనం ఆరంభంలో తలచుకొన్న పద్యం.

ఆ పద్యంలో విశ్వనాథ తనను తాను తక్కువ చేసుకోలేదు. తన రసదృష్టిని, ధిషణను, ఆ ధిషణ వలన కలిగిన అహంకారాన్ని సయితం దాచలేదు. తాను సరస్వతీ స్వరూపుడనన్నంత ధీమాగా చెప్పుకొన్నారు. గురువు కీర్తిని మాత్రం ఆకాశమంతా పరచుకొన్న మెత్తని వెన్నెలతో పోల్చారు. కొందరికి ఇందులో గర్వం మాత్రమే కనిపించింది. గురువును పొగడుతూ తనను పొగడుకోవటమేమిటని వారి ఆక్షేపణ.

ఆ ఆక్షేపణను తర్కంతో పరిశీలిద్దాం. శిష్యుడు తాను అల్పుడనని చెప్పుకొంటే అది వినయంగా కనిపిస్తుంది. కాని ఆ మాట గురువు శ్రమను కూడా అల్పం చేస్తుంది. జీవితమంతా బోధించిన గురువుకు అల్పుడైన శిష్యుడు ఏమి కానుక? విశ్వనాథ మరో దారి ఎంచుకొన్నారు. తనను ఎంత ఎత్తుకు ఎత్తుకోగలరో అంత ఎత్తుకు ఎత్తుకొన్నారు. ఆ ఎత్తు నుండి వంగి గురువు పాదాలకు మొక్కారు. తనపై తాను పోసుకొన్న ప్రశంస అంతా చివరికి గురువు ఖాతాలోకే చేరేట్లు పద్యాన్ని నిర్మించారు. తాను కావ్యకర్తగా నన్నయ తిక్కనల కంటె గొప్పవాడనని ఆయన అనలేదు. పదకొండవ శతాబ్దిలో ఆంధ్రభారతానికి శ్రీకారం చుట్టిన నన్నయ, పదమూడవ శతాబ్దిలో దానిని కొనసాగించిన తిక్కన తెలుగు కవిత్వానికి తండ్రులవంటివారు. వారి కవితా వైభవానికి లోటు లేదు. వారికి లోపించింది ఒక్క శిష్య భాగ్యమేననీ, ఆ ఒక్క విషయంలో తన గురువు వారిని మించారనీ మాత్రమే ఆయన అన్నారు. మహాకవులకు సయితం దక్కని భాగ్యం ఒక పాఠశాల తెలుగు పండితునికి దక్కిందనటం కన్న ఉపాధ్యాయ వృత్తికి గొప్ప గౌరవం ఏముంటుంది? తెలుగు గంటను విశ్రాంతి గంటగా భావించిన లోకానికి ఆ పద్యం చెప్పిన సమాధానమిది.

వేంకటశాస్త్రికి లౌకిక గౌరవాలూ లభించాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో గౌరవించింది. స్వాతంత్ర్యానంతరం 1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను తెలుగు ఆస్థానకవిగా నియమించింది. ఆ గౌరవాన్ని ఆయన ఎంతోకాలం అనుభవించలేదు. 1950 ఫిబ్రవరి 15న, మహాశివరాత్రి పర్వదినాన పరమపదించారు. శిష్యుడు విశ్వనాథకు తెలుగులో తొలి జ్ఞానపీఠ పురస్కారం 1970వ సంవత్సరానికి ప్రకటించబడింది. గురువు ఆ వార్త వినలేదు. 1976 అక్టోబరు 18న విశ్వనాథ కూడా కీర్తిశేషులైనారు. ఏనుగులు, పల్లకీలు, సన్మాన పత్రాలు, మీసాల సవాళ్లు కాలగర్భంలో కలసిపోయాయి. ఆ పద్యం మాత్రం నేటికీ తెలుగు సభల్లో వినిపిస్తూనే ఉన్నది.

యానాంలో వ్యాకరణం రాదని తప్పుపట్టబడిన యువకుడు గురువును ఆశ్రయించి పండితుడైనాడు. ఆ పండితుడు బందరు తరగతి గదిలో నేర్పిన విద్య ఒక మహాకవిని తీర్చిదిద్దింది. ఆ మహాకవి విజయవాడ తరగతి గదిలో మరెందరికో దానిని పంచి ఇచ్చారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వెలిగించిన దీపం ఇట్లా ఒక చేతి నుండి మరొక చేతికి అందుతూ వచ్చింది. కృష్ణా ఆనకట్ట నుండి బయలుదేరిన నీరు కాలువలుగా చీలి ఎక్కడో సముద్రతీరపు పొలాన్ని పండిస్తుంది. ఆ పంటను చూడటానికి ఆనకట్ట అక్కడకు రాదు. గురువు పని కూడా అట్టిదే. తాను నాటిన విద్య ఎక్కడ, ఎప్పుడు ఫలిస్తుందో ఆయనకు తెలియదు. తెలుసుకొని చెప్పవలసిన బాధ్యత శిష్యునిది. ఆ బాధ్యతను విశ్వనాథ పద్యంలో నెరవేర్చారు. పద్యం వ్రాయటం అందరికీ సాధ్యం కాదు. కాని తాను సాధించిన విజయంలో గురువుకు గల భాగాన్ని నలుగురిలో చెప్పటం ప్రతి విద్యార్థికీ సాధ్యమే. గురువును గొప్పవాడనటం సులభం. ఆ గొప్పతనానికి తానే నిదర్శనంగా నిలవటం కష్టం. విశ్వనాథ చెల్లించిన గురుదక్షిణ ఆ రెండవది.